ఏడో తొట్టి పిల్లలు

14 నవంబరు 1999, ఆదివారం

ఏడో తొట్టిలో పిల్లలు.

మొదట దూది పింజలనుకున్నాను. జిన్నింగు మిల్లు వైపు నుంచి గాలి మళ్ళితే షెడ్డులో నీళ్ళ మీద తెట్టు కడుతుంది, రోజూ కాగితం పరిచి తీసేయాల్సిందే. కాగితం వేయబోతే పింజలు కదిలాయి. కళ్ళున్నాయి వాటికి. నాచు సందుల్లో ఇరవై దాకా… తల్లి ఏదో తెలియదు. ఇందులోని ఎనిమిది చేపల్లో ఒకదాని పొట్ట జారి ఉంది, అదే కావచ్చు.

ఏడో తొట్టిలో మగది లేదు. ఎప్పుడూ లేదు. అది లేడీస్ హాస్టల్. ఆ పేరు సుధాకర్ పెట్టాడు, ఆడచేపల తొట్లు మొదటిసారి చూసినప్పుడు. వాళ్ళమ్మని వార్డెన్ అంటాడు. షెడ్డు తాళం అత్తయ్య కొంగునే ఉంటుంది మరి.

సుధాకర్ చర్చికి బయల్దేరుతూ తొంగి చూశాడు. "క్రిస్మస్ ఇంకా నెలుంది గదా, అప్పుడే కన్య గర్భమా?" అత్తయ్య బైబిలు సంచీతో అతని వీపు మీద ఒక్కటి వేసింది. "నోరు ముయ్యరా. దేవుడితోనా ఎకసెక్కాలు?"

నేను నవ్వలేదు. వాళ్ళు వెళ్ళాక షెడ్డులో అలాగే నిలబడిపోయాను.

15 నవంబరు

క్లాసులో బఠాణీ మొక్కల పాఠం. బోర్డు మీద పొడుగు, పొట్టి అని రాస్తూ మధ్యలో ఆగిపోయాను. వెనక బెంచీలో ఎవరో నవ్వారు. కసిరాను. పాపం, వాళ్ళేం చేశారు.

బఠాణీలు నయం. ఎక్కడ నాటితే అక్కడే ఉంటాయి. నా కత్తితోక చేపలు అలా కాదు. వీటిలో ఆడదే పెద్దది. మగది మగతనం వచ్చిన రోజు పెరగడం ఆపేస్తుంది. తొందరపడ్డవాడు పొట్టి, ఆగినవాడు పొడుగు. ఆడదానికి ఆ ఆపడం లేదు, బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటుంది. అత్తయ్యకి చెబితే "మంచిదేగా" అంది అప్పట్లో.

ఆ ఆగే గుణం కొడుక్కి ఎవరిస్తారు, తండ్రా తల్లా? మూడేళ్ళుగా ఇదొక్కటే నా గోల. లెక్క తేలాలంటే తల్లి కన్నెది కావాలి. ఒక్కసారి మగదాన్ని కలిసిందా, వాడి బీజాన్ని నెలల తరబడి లోపల దాచుకుని విడతలు విడతలుగా పిల్లల్ని పెడుతుంది. ఇక ఎవరి బిడ్డలో దేవుడికే తెలియాలి.

అందుకే హాస్టళ్ళు. అందుకే ఆ తొట్లలో వల పెట్టే హక్కు నాకు తప్ప ఎవరికీ లేదు. అత్తయ్యకి కూడా మేత వేయడం వరకే.

మరి ఈ పిల్లలు ఎలా వచ్చినట్టు?

16 నవంబరు

అక్టోబరు గుర్తొచ్చింది.

నరసరావుపేటలో పరీక్షల డ్యూటీ, మూడు రోజులు ఇంట్లో లేను. తిరిగొచ్చేసరికి మూడో తొట్టిలో ఉండాల్సిన బుడ్డోడు బకెట్లో ఉన్నాడు. పొట్టి మగచేప, అందరిలోకీ చిన్నవాడు. తక్కినవి వాడి తోక కొరికేశాయి. "చంపేస్తన్నయ్యే వాణ్ణి, అందుకని తీసి పక్కన పెట్టా" అంది అత్తయ్య. మంచి పని చేశారు అన్నాను. నోటితో అన్నాను ఆ మాట.

బకెట్లో వేసేముందు ఎక్కడ పెట్టిందో అడగలేదు. మూడో తొట్టికి ఆనుకునే ఏడో తొట్టి. అన్నీ ఆడవి, కొట్టేవాళ్ళు లేరు. అత్తయ్య మనసు నాకు తెలుసు. చీమలు పట్టిన పురుగుని పుల్లతో తీసి ఆకు మీద పెట్టే మనిషి. బుడ్డోడికి ఒక పూట చల్లగా ఉంటుందని అందులో వదిలి ఉంటే…

ఒక్క పూట చాలు.

17 నవంబరు

అడిగాను. మామూలుగానే మొదలుపెట్టాను.

"అత్తయ్యా, ఆ బుడ్డోణ్ణి ముందు ఏడో తొట్టిలో వేశారా?"

"లేదమ్మాయ్. బకెట్లోనే వేశా."

"కాసేపు కూడా వెయ్యలేదా? మర్చిపోయారేమో…"

"ముసల్దాన్నయితే మాత్రం అంత మతిమరుపా? వెయ్యలా."

అక్కడ ఆగాల్సింది. ఆగలేదు. మూడేళ్ళ కష్టం అన్నాను. కంచే చేను మేస్తే ఇంక ఎవరితో చెప్పుకోవాలి అన్నాను. ఆమె చేస్తున్న పని ఆపి నా వంకే చూస్తోంది. "ఒట్టేసి చెప్పండి" అన్నాను.

"మేం ఒట్లు పెట్టుకోం, నీకు తెలుసుగా. అవునంటే అవును, కాదంటే కాదు. కాదన్నాను."

అప్పుడే సుధాకర్ మార్టూరు నుంచి వచ్చాడు, పాలిషింగ్ యూనిట్లో షిఫ్టు దిగి. జుట్టంతా రాతి పొడి. బండి స్టాండు వేస్తున్నవాణ్ణి చెయ్యి పట్టి లాక్కొచ్చి ఆమె ముందు నిలబెట్టాను. "మీ అబ్బాయి తల మీద చెయ్యి పెట్టి చెప్పండి. నమ్ముతాను."

ఇంకొల్లులో మా నాన్న గట్టు తగాదాలన్నీ ఇలాగే తేల్చేవాడు. బిడ్డ తల మీద చెయ్యి వేశాడా, ఇంక మాట లేదు. వెయ్యలేదా, దొంగ. నేను పెరిగింది ఆ లెక్కలో.

ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది, చిన్నపిల్లలా. "వాడి తల తాకట్టు పెట్టి మాట్లాడే మనిషినా నేను?" అంది. అని లోపలికి వెళ్ళిపోయింది. సుధాకర్ నా చెయ్యి విడిపించుకున్నాడు. వెనక్కి వెళ్ళి బండి స్టాండు వేశాడు.

తల మీద చెయ్యి వెయ్యలేదు. అంటే చేసినట్టే గదా?

18 నవంబరు

మేత నేనే వేశాను. గుడ్డు పచ్చసొన సరిగా వడగట్టలేదు, నీళ్ళు తెల్లబడ్డాయి.

20 నవంబరు

అత్తయ్య వెళ్ళిపోయింది. పిడుగురాళ్ల, కూతురింటికి. మేరీ వదిన వాళ్ళది సున్నపు బట్టీల పక్క వీధి. వాకిట్లో బట్టలారేస్తే సాయంత్రానికి సున్నం వేసినట్టు ఉంటాయి. అత్తయ్యకేమో ఉబ్బసం, పత్తి తీతకి వెళ్ళిన రోజుల నుంచీ ఉంది. అక్కడ పట్టుమని నాలుగు రోజులు కూడా ఉండలేదు ఎప్పుడూ.

వెళ్ళేముందు షెడ్డు తాళం కిటికీ గట్టు మీద పెట్టింది. నాతో కాదు, సుధాకర్‌తో చెప్పింది. "మేడం గారికి చెప్పరా, గుడ్లు అలమార్లో ఉన్నయ్యని."

మేడం గారు. ఆరేళ్ళుగా అమ్మాయ్ అనే పిలిచింది నన్ను.

24 నవంబరు

యూనివర్సిటీకి వెళ్ళి పీహెచ్‌డీ గైడ్ గారికి చెప్పాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ విన్నారు.

"ఒక్క తొట్టేగా? పారబోసెయ్యమ్మా."

"సార్, తండ్రి ఎవరో తేలకుండా…"

"నిన్ను ఎవరడిగారు? ఏడో తొట్టి ఉందని నీకూ నాకూ తప్ప ఎవరికి తెలుసు?"

మే నెలలో ఆయన రిటైర్మెంటు. మార్చిలోగా థీసిస్ ఇవ్వాలి. ఇవ్వకపోతే కొత్త గైడు, కొత్త రిజిస్ట్రేషను, మొదటికి రావడమే. "సంతకం పెట్టే చెయ్యి ఉండగానే పెట్టించుకో" అన్నారు. చెడ్డమనిషి కాదు. నా మంచికే చెప్పారు. తిరుగు బస్సులో ఆయన మాటే సబబనిపించింది, చిలకలూరిపేటలో దిగేదాకా.

దిగి ఇంటికొచ్చి బకెట్ పట్టుకుని ఏడో తొట్టి ముందు నిలబడ్డాను. పారబోయలేకపోయాను.

28 నవంబరు

పారబోయలేకపోవడానికి అసలు కారణం ఈ రోజు ఒప్పుకుంటున్నాను.

తండ్రి అయ్యే వీలున్నది ఇద్దరికే. ఒకడు బుడ్డోడు. రెండోది… రాయాలంటే భయమేస్తోంది. రెండోది ఆ దూకిన చేప.

డ్యూటీ నుంచి వచ్చిన వారానికి ఏడో తొట్టి మూత జరిగి ఒకటి కిందికి దూకింది. నేను వెళ్ళేసరికి పిల్లి సగం తినేసింది. ఊడ్చి పారేశాను. ఆడదే అనుకున్నాను, ఆడవాళ్ళ తొట్టి కదా. చేతిలోకి తీసుకుని చూడలేదు.

ఏడో తొట్టిలోని పెద్ద చేపలన్నీ పొడుగు తండ్రి సంతానం. ఆ జాతి మగపిల్లలు ఆరేడు నెలల దాకా ఆడపిల్లల్లాగే ఉంటారు. అదే పొట్ట, ఈదే రెక్క ఫిన్ కూడా అదే, కత్తి లాంటి తోక కూడా ఉండదు. నెలకోసారి భూతద్దం పెట్టి చూస్తాను. పొట్ట కింది ఫిన్ విసనకర్రలా ఉంటే ఆడది. సన్నబడి పుల్లలా అవుతోందంటే మగాడు, పట్టి బయట వేస్తాను. నెలకోసారే చూస్తాను. ఆ మధ్యలో ఒకడు పెద్దవాడై, కానివ్వాల్సింది కానిచ్చి, నేను చూసేలోపే దూకి పిల్లి నోట పడితే?

అలా జరిగి ఉంటే పోయేది ఏడో తొట్టి ఒక్కటే కాదు. ప్రతి హాస్టల్లోనూ ఇలాంటి ఆలస్యపు మగాళ్ళని తీసినదాన్నే నేను. సమయానికే తీశానని మురిసిపోయినదాన్నే. నా కంటికి దొరకకముందే వాళ్ళు తండ్రులైపోయి ఉంటే నా కన్నెచేపల్లో ఏది కన్నె? మూడేళ్ళ పట్టికల్లో ఎవరు ఎవరి కొడుకు?

5 డిసెంబరు

తండ్రి ఎవరో చెప్పగలిగినవాళ్ళు ఇంకెవరున్నారు? ఈ పిల్లలు.

తండ్రి బుడ్డోడైతే కొడుకులకి కూడా తొందరే. జనవరి చివరికో, ఫిబ్రవరి సగానికో ఒకడికైనా ఫిన్ సన్నబడుతుంది. తండ్రి ఆ దూకినవాడైతే మే నెల దాకా ఒక్కడూ బయటపడడు. పొట్టి పొడుగుల తేడా తండ్రి నుంచి వస్తుందన్నదే కదా నా వాదం. ఆ వాదం ఇప్పుడు నా ఇంట్లోనే పంచాయితీకి కూర్చుంది.

పొట్టోడు బయటపడితే అత్తయ్య అబద్ధమాడినట్టు. ఒక్క తొట్టి పోతుంది, థీసిస్ బతుకుతుంది. ఎవడూ బయటపడకపోతే అత్తయ్య చెప్పింది నిజం. నా మూడేళ్ళూ నీళ్ళపాలు.

అంటే నాకు కావలసింది అత్తయ్య తప్పు. రాసి చూసుకుంటే ఇలా ఉంది.

6 డిసెంబరు

నిన్నటి పేజీ చింపేద్దామనుకున్నాను. ఉంచాను.

12 డిసెంబరు

పిల్లల్ని రెండు టబ్బుల్లోకి మార్చాను. సుధాకర్ మార్టూరు నుంచి తెచ్చిన గ్రానైటు ముక్కలు అడుగున పెట్టాను, ఎత్తు కోసం. అతను తెచ్చింది పోయినేడు. ఇప్పుడు అడిగితే తెస్తాడో లేదో.

భోజనాల దగ్గర నోరు విప్పాడు, ఇన్నాళ్ళకి. "మా అమ్మ అబద్ధం ఆడదని నేను నీతో వాదించను శారదా. ఆడిందేమో, నాకేం తెలుసు. కానీ నన్ను గొడ్డుని తోలుకొచ్చినట్టు తోలుకొచ్చి నిలబెట్టావు చూడు…" ఆగిపోయాడు. అన్నం సగంలో వదిలి చెయ్యి కడుక్కున్నాడు.

నేను చారు గిన్నె మీద మూత పెట్టాను. ఏదో ఒక పని చెయ్యాలి కదా.

19 డిసెంబరు

పత్తి లారీలు. దారంతా దూది. నీళ్ళ మీద రోజుకి మూడుసార్లు కాగితం వేస్తున్నా చాలడం లేదు. అత్తయ్య పాత చీర చింపి తొట్ల మీద పరిచేది. ఆ చీర ముక్కలు ఎక్కడ పెట్టిందో దొరకలేదు. అడగడానికి మనిషి లేదు.

25 డిసెంబరు

సుధాకర్ నిన్ననే పిడుగురాళ్ల వెళ్ళాడు. నన్ను రమ్మనలేదు. వస్తానని నేనూ అనలేదు.

డాబా మీద నక్షత్రం కట్టాడు గానీ బల్బు పెట్టలేదు. పాస్టరు గారి భార్య కేకు పట్టుకొచ్చింది. "మీ ఎస్తేరమ్మ అత్తగారు లేకపోతే పాటల్లో మొదటి గొంతు ఎవరు ఎత్తుకుంటారు? అందరం తలో శ్రుతిలో పాడాం" అంది. ఎప్పుడొస్తారు అంది. వస్తారండీ అన్నాను. షెడ్డులోకి తొంగి చూసి "ఇవేనా గొడవ పెట్టిన చేపలు" అంది. అంటే చర్చిలో అందరికీ తెలుసన్నమాట.

ఎవరు చెప్పి ఉంటారు? అత్తయ్య చెప్పదు. ఆ సంగతి మాత్రం ఒట్టు లేకుండానే నమ్ముతున్నాను. విచిత్రం.

2 జనవరి 2000

అందరికీ కొత్త వేయి సంవత్సరాలట. నాకు ఏడో వారం.

భూతద్దం. ఇరవైలో పదిహేడు మిగిలాయి. అన్నిటికీ విసనకర్రలే. ఇంకా తొందరలే…

9 జనవరి

సుధాకర్ మళ్ళీ పిడుగురాళ్ల వెళ్ళి వచ్చాడు. అత్తయ్యకి దగ్గు ఎక్కువైందట. పడుకుంటే ఊపిరాడక దిండుకి ఆనుకుని కూర్చునే నిద్రపోతోందట. డాక్టరు ఆ వీధిలో ఉండొద్దన్నాడట. "తీసుకురాలేకపోయావా?" అన్నాను. "రానంది" అన్నాడు. "ఎందుకు?" అన్నాను, తెలియనట్టు.

అతను నా మొహం వంక చూశాడు. నేను మొహం తిప్పుకున్నాను.

17 జనవరి

ఏమీ లేదు. విసనకర్రలు.

మిరపకాయలు కోతకొచ్చాయి. కాలేజీ వెనక కల్లంలో ఎర్రగా పరిచారు. ఘాటుకి క్లాసంతా తుమ్ములు. నాకు కళ్ళు మండి నీళ్ళు కారుతుంటే ముందు బెంచీ పిల్ల "మేడమ్, ఏడుస్తున్నారా?" అంది. మిరపకాయలమ్మా అన్నాను. నిజమే చెప్పాను, ఆ పూటకి.

23 జనవరి, ఆదివారం

పిడుగురాళ్ల వెళ్ళాను. ఒక్కదాన్నే.

వదిన వాకిట్లో అంట్లు తోముతోంది. పలకరించలేదు, గడప వైపు గడ్డంతో చూపించింది. అత్తయ్య మంచం మీద కూర్చుని ఉంది, ముక్కుకి తడిగుడ్డ. సగమైపోయింది మనిషి. బట్టీ పొగ కిటికీలోంచి లోపలికే వస్తోంది.

"ఇంటికి రండి అత్తయ్యా. ఈ పొగ మీకు పడదు."

"ఏం, చేపలు చెప్పినయ్యా?"

"ఇంకా లేదు."

"మరెందుకొచ్చావ్?"

మీ దగ్గు కోసం అన్నాను. దగ్గు కోసమైతే మందు పంపిస్తే సరిపోయేది అంది. తర్వాత చాలాసేపు దగ్గింది. నేను వీపు రాయబోతే పక్కకి జరిగింది, కోపంగా కాదు, పరాయివాళ్ళ చెయ్యి తగిలితే జరిగినట్టు.

"పోనీ ఇంకో మూడు వారాలు. తేలిపోతుంది. నేనే వచ్చి తీసుకెళ్తాను" అన్నాను.

"చేపలు చెప్పాక వచ్చావనుకో, నువ్వు నమ్మింది చేపల్ని. నన్ను కాదు. దానికి నేను రావడమెందుకు, ఈడ నాకు మంచముంది."

పీహెచ్‌డీ చేస్తున్నదాన్ని, క్లాసులో ఎవరైనా ప్రశ్న వేస్తే గుక్కతిప్పుకోకుండా చెప్పేదాన్ని. గోడకి ఆనుకుని నిలబడ్డాను. గడప దాటుతుంటే వెనక నుంచి పిలిచింది.

"పచ్చసొన గుడ్డలో వేసి పిండుతున్నావా, అట్టాగే వేస్తన్నావా?"

"అలాగే వేస్తున్నాను."

"నీళ్ళు కుళ్ళిపోతయ్. పిండి వెయ్."

బస్సులో ఏడ్చాను. ఇక్కడ మిరపకాయలు కూడా లేవు.

24 జనవరి

పిండి వేశాను. నీళ్ళు తేటగా ఉన్నాయి.

30 జనవరి

పదకొండో వారం. భూతద్దం పట్టుకుని ఒక్కో చేపనీ గాజు గిన్నెలోకి తీసి చూశాను. అన్నీ విసనకర్రలే. ఒక్కడన్నా రాడేమిరా… రారా… అని పైకే అంటున్నాను. ఎవర్ని పిలుస్తున్నానో తెలుసు. అత్తయ్యని దొంగని చేసేవాణ్ణి.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. అమ్మ చెప్పేది. విన్నానా?

3 ఫిబ్రవరి

మధ్యాహ్నమంతా కరెంటు లేదు. తొట్లలోకి గాలి ఊదే మోటార్లు ఆగిపోయాయి. కాలేజీ నుంచి పరుగున వచ్చి చెంబుతో నీళ్ళు తీసి ఎత్తు నుంచి పోస్తూ కూర్చున్నాను, ఒక్కో తొట్టిలో, టబ్బులో. సుధాకర్ వచ్చి ఇంకో చెంబు తీసుకున్నాడు. ఇద్దరం పోశాం కరెంటు వచ్చేదాకా. రెండు పిల్లలు పోయాయి. చచ్చినవాటిని కూడా భూతద్దం కింద పెట్టి చూశాను. సుధాకర్ అది చూసి లేచి వెళ్ళిపోయాడు.

7 ఫిబ్రవరి

గైడ్ గారి దగ్గరికి. చివరి చాప్టరు ఏదీ అన్నారు. ఏడో తొట్టి గురించి కూడా రాస్తాను సార్ అన్నాను. హాస్టళ్ళలో నెలకోసారి చూడడం సరిపోయిందో లేదో నాకే అనుమానంగా ఉందని కూడా రాస్తాను అన్నాను. అనగలిగినందుకు నాకే ఆశ్చర్యం.

"అనుమానం రాస్తే ఎగ్జామినరు దాన్నే పట్టుకుంటాడు. మిగతాది చదవనే చదవడు."

"తెలుసు సార్."

"నిజాయితీకి డిగ్రీ ఇవ్వరమ్మా."

ఆ తొట్టిది మీ అత్తగారి పొరపాటని ఒక్క వాక్యం రాసేయ్, పద్ధతికి మచ్చ రాదు అన్నారు. మేత వేసేవాళ్ళ పొరపాటు. పేరు కూడా అక్కర్లేదు. ఎంత సులువైన వాక్యం… దారంతా దాన్ని నోట్లో తిప్పుకుంటూ వచ్చాను. రెండు వారాలు గడువిచ్చారు.

10 ఫిబ్రవరి

సుధాకర్‌ని అడిగాను. "ఆ రోజు అత్తయ్య నీ తల మీద చెయ్యి పెట్టి చెప్పి ఉంటే నీకెలా ఉండేది?"

"నాన్న పోయినప్పుడు నాకు నాలుగేళ్ళు. చేలో పనికి పోతూ గట్టు మీద కూర్చోబెట్టి నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది, పాములవీ రాకుండా. ఆ చేత్తో నీ కోర్టులో సాక్ష్యం చెబితే… ఏమో. ఇంక ఆ చెయ్యి వేరే అయ్యేది."

నేను ఇంకొల్లు లెక్క చెప్పబోయాను. అక్కడ చెయ్యి పెట్టనివాడు దొంగ. ఇక్కడ ఆ చెయ్యి పెట్టడమే తప్పు. ఆరేళ్ళు ఒకే కంచంలో తిన్నట్టు బతికి ఈ చిన్న సంగతి తెలుసుకోలేదు నేను. తెలుసు, నిజానికి. ఒట్లు పెట్టుకోరని తెలుసు. తెలిసే అడిగాను. ఆ క్షణాన ఆమె పెట్టకూడదనే అడిగానేమో.

12 ఫిబ్రవరి, శనివారం

సాయంత్రం, రెండో టబ్బు.

ఒకడున్నాడు.

గోడ వారగా, నిలిచి నిలిచి ఈదుతున్నాడు. మామూలు కంటికే పొట్ట కింది ఫిన్ మందంగా కనిపించింది. ఆ ఫిన్‌లోని ముందు ముళ్ళు దగ్గరికి చేరుతున్నట్టు… లేక మడత పడిందా? వెలుతురు చాల్లేదు. నీళ్ళలో నాచు నీడ. కానీ ఉంది, ఏదో ఉంది.

సంతోషం వేసింది. ముందు వేసింది సంతోషమే. నవ్వు వచ్చింది, పైకి నవ్వాను కూడా. బతికాను అనుకున్నాను. అత్తయ్యే వేసింది, నేను చెప్పలా… అని గోడకి చెబుతున్నాను.

ఆ తర్వాత ఆ నవ్వు నాకే వినబడింది. ఛీ.

అక్కడ ఆమె దిండుకి ఆనుకుని కూర్చుని నిద్రపోతోంది.

గిన్నె తెచ్చాను. భూతద్దం తెచ్చాను. వల నీళ్ళలో పెట్టి మళ్ళీ తీసేశాను. పట్టి చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. పొట్టోడైతే నా థీసిస్, కాకపోతే ఆమె మాట. తేలాక వెళ్తే మాత్రం ఏం చెప్పినా అది చేపలు చెప్పిందే అవుతుంది. ఆ మాట ఆమె ముందే అనేసింది. నాకు అర్థం కావడానికి ఇంతకాలం పట్టింది.

అసలు ఆమె వేసిందనే అనుకుందాం. ఒక పూట జాలిపడి వేసి, నా అరుపులకి భయపడి లేదని ఉంటుంది. అయితే మాత్రం? కొడుకుని నిలబెట్టి ఆ చెయ్యి పెట్టమనే హక్కు నాకెక్కడిది?

చూడలేదు. టబ్బు మీద గోనెపట్టా కప్పాను. కప్పాక రెండుసార్లు వెళ్ళి అంచు పైకెత్తాను. రెండుసార్లూ దించేశాను.

13 ఫిబ్రవరి, ఆదివారం

మేత వేశాను, పట్టా కిందనుంచే, చెయ్యి దూర్చి. కళ్ళు మూసుకుని వేశానంటే నవ్వుతారు. నిజంగానే మూసుకున్నాను.

సుధాకర్ చర్చికి తెల్లచొక్కా వేసుకున్నాడు. నేను కూడా తయారవడం చూసి "ఎక్కడికి?" అన్నాడు. చెప్పాను. "ఏం తేలింది?" అన్నాడు. "చూడలేదు" అన్నాను. నమ్మలేదు. షెడ్డులోకి వెళ్ళి పట్టా కప్పి ఉండడం చూసి వచ్చాడు. చర్చి తర్వాత వెళ్దాం, నేనూ వస్తాను, బండి మీద అన్నాడు. వద్దన్నాను. బస్సులోనే వెళ్తాను. ఆ రోజు నిన్ను మధ్యలో నిలబెట్టాను, ఈ రోజు నిలబెట్టను అన్నాను. తల ఊపాడు. బస్టాండు దాకా దింపుతానన్నాడు, దానికి సరేనన్నాను.

పేపరులో చుట్టి భూతద్దం అలమారలో పెట్టాను. కిటికీ గట్టు మీది తాళం తీసుకున్నాను. చేపల వల కూడా సంచీలో పెట్టాను, హాస్టల్ తొట్లలో ఆమెని ఎప్పుడూ పెట్టనివ్వని వల.

ఏమని మొదలుపెట్టాలి? తప్పయింది అంటే సరిపోతుందా? ఆమె మొదటి మాటగా చేపలు చెప్పినయ్యా అనే అడుగుతుంది. చేపల్ని అడగలేదు అత్తయ్యా అనాలి. మీరు కాదన్నారుగా అనాలి. ఇక్కడ గదిలో అనుకుంటుంటే బాగానే వస్తోంది.

సుధాకర్ బయట బండి స్టార్ట్ చేశాడు. తాళం ఇస్తే చెయ్యి చాపుతుందో, వెనక్కి పెట్టుకుంటుందో…